ఇల్లు – దొడ్డి: వానలు వెలిసిన పిమ్మట పెద్దయింటి బాగుసేత

భాద్రపదము వెళ్లి ఆశ్వయుజము ప్రవేశించగానే ఓరుగల్లు ప్రాంతపు పల్లెలలో గృహిణులకు రెండు పనులు ఒక్కసారే మీద పడును. బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి, కట్లపూవులు సమకూర్చుట యొకటి. నాలుగు మాసముల వాన యింటికి చేసిన చెరుపును చక్కబెట్టుట రెండవది. మొదటిది తొమ్మిది దినములలో తీరును. రెండవది కార్తికము చివరిదాక సాగును. సద్దుల బతుకమ్మనాటికే యిల్లు అద్దమువలె నుండవలెనని తొందరపడి, తడి యారని గోడలకు సున్నము కొట్టించి, సంక్రాంతికి అది పెచ్చులుగా రాలుట చూచి విచారించు గృహములను మేము ప్రతియేట చూచుచున్నాము. అందుచేత ఈ మాసము మన శీర్షికలో ఆ రెండవ పనిని గూర్చి కొంత వివరముగా ముచ్చటింపదలచితిమి.

పెద్దయిల్లనగా మా యుద్దేశము మేడలు కాదు. మట్టిగోడలు, పైన గూన పెంకు, నడుమ భవంతి, భవంతి చుట్టు టేకు స్తంభములు, వెనుక దొడ్డి, దొడ్డిలో పశువుల కొట్టము, చేదబావి, ఊరి వెలుపల నాలుగు మామిడిచెట్లు. ఇట్టి యిండ్లు పాత వరంగల్లు జిల్లాలో ఇంకను చాలగనే యున్నవి. వానిలో కొన్ని ఒకప్పుడు గడులు. తక్కినవి సంపన్న రైతుల యిండ్లు. నేడు అనేకములయందు వృద్ధులైన అత్తగారో, ఒంటరియైన పెద్దకోడలో మాత్రమే కాపురమున్నారు. పిల్లలు హైదరాబాదునను, అమెరికాలోను స్థిరపడిరి. కావున బాగుసేత భారమంతయు ఆ యొక్క యిల్లాలి తలపైననే యున్నది.

ముందుగా కాలమును గూర్చి. హస్త, చిత్త కార్తెలలో వాన పూర్తిగా పోయినదని నమ్మరాదు. శరత్తునందు సముద్రమున పుట్టు తుఫానులు మన మెట్టసీమవరకు వచ్చుట క్రొత్త కాదు. 2025 అక్టోబరు చివరివారమున మోంథా తుఫాను కోస్తాలో తీరము దాటి, ఓరుగల్లు, హనుమకొండ వీథులను నీట ముంచినది. పండుగ వెళ్లినదని పెంకు విప్పుకొని కూర్చున్న వారి గతి యేమైయుండునో ఊహింపవచ్చును. కావున చిత్త కార్తెలో చూచుకొనుట, గుర్తులు పెట్టుకొనుట, సామగ్రి కూర్చుకొనుట. స్వాతి వెళ్లిన పిమ్మట తడిపని, సున్నపుపని. ఇది మా మతము.

గుర్తులు పెట్టుకొనుట యనగా నేమందురేమో! పెంకు తిరుగవేయించు కాలము వేసవియే యని అందరు నెరుగుదురు. కాని యెక్కడ కారినదో వేసవినాటికి ఎవరికిని జ్ఞాపకముండదు. మేస్త్రీ వచ్చి అడిగినప్పుడు “అటు మూలన” అని చేయి చూపుదుము, అతడు ఆ మూలనంతయు విప్పును, ఖర్చు రెట్టింపగును. తడిమరక కనబడుచుండగనే, ఇప్పుడే, గోడమీదను వాసముమీదను జాజుతో గీత గీసి, ఒక పుస్తకమున అర్ర పేరు, దూలమునుండి ఎన్నవ వాసము, ఎన్ని మూరలు అని వ్రాసి యుంచవలెను. మరక పడినచోటనే పెంకు పగిలినదనుకొనరాదు. నీరు వాసము వెంబడి జారి, మూడు నాలుగు మూరల క్రింద కారుట సామాన్యము. మరకనుండి పైకి చూపు సాగించినచో అసలు బొక్క దొరకును.

పెంకునకు వానకన్న నేడు కోతులు ఎక్కువ శత్రువులు. అడవులు పలుచనై, అవి ఊళ్లలో చేరినవి. కూరపాదులను బ్రతుకనీయవు, కప్పులపై గంతులు వేసి పెంకులను పొడి చేయును. ప్రభుత్వమువారు 2020లో నిర్మలులో కోతుల సంరక్షణ కేంద్రమొకటి తెరచిరి గాని, ఓరుగల్లు పల్లెల కప్పులకు దానివలన వెంటనే ఊరట కలుగలేదు. విసిగి వేసారి పెంకు తీసివేసి రేకులు కప్పినవారిని మేము తప్పుపట్టజాలము. అయితే రేకు క్రింద వైశాఖమున మధ్యాహ్నము వంట చేయు ఆడుదానిని కూడ ఒక మాట అడిగి ఆ నిర్ణయము చేసిన బాగుండెడిది. పెంకునే నిలుపుకొన దలచినవారు ఇంటి వెనుకభాగమున నూరిన్నూరు పెంకులు ఎప్పుడును నిలువయుంచవలెను. గూన పెంకు చేయు కుమ్మరులు నానాటికి తగ్గుచున్నారు. పొరుగూరిలో పాతయిల్లు పడగొట్టునప్పుడు ఆ పెంకును కొని తెచ్చి పేర్చుకొనుట తెలివిగల పని.

ఇక గోడలు. ఇందు మేము కొంచెమెక్కువ సేపు నిలువవలసి యున్నది. ఏలయన ఈ ముప్పది నలుబది యేండ్లలో మట్టియిండ్లకు జరిగిన చెరుపులో పెక్కుపాలు వానవలన గాక సిమెంటువలన జరిగినది.

మట్టిగోడ నేలలోని తడిని పీల్చుకొనును. ఇది దాని స్వభావము. పీల్చుకొన్న తడిని మట్టిపూతగుండ, సున్నపుపూతగుండ గాలిలోనికి విడిచిపెట్టును. కావుననే నూరేండ్ల గోడలు నిలిచినవి. అట్టి గోడకు “గట్టిగా నుండును, కడుగవచ్చును” అని మూడడుగుల యెత్తు సిమెంటు పూయించినచో తడి బయటికి పోవు దారి మూసికొనిపోవును. అది గోడలోనే పైపైకి ప్రాకి, సిమెంటు ముగిసినచోట ఉప్పుపూతగా బయటపడును. మనము మరి రెండడుగులు సిమెంటు పెంచుదుము. తడి మరి రెండడుగులు ఎక్కును. లోపల మట్టి మెత్తనై, పైకి పూత మాత్రము గట్టిగా కనబడుచుండును. ఒకనాటి ముసురులో గోడ నిలువున కూలును. పూత గట్టిగా నుండుటచేత ముందుగా హెచ్చరిక యైనను ఉండదు. గోడ వారగా మంచము వేసికొని నిద్రించువారు సాధారణముగా వృద్ధులు, పిల్లలు అని మరువరాదు.

2023 జూలై మాసపు వానలు ఈ సంగతిని మనకు కఠినముగా బోధించినవి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున సుమారు 65 సెంటీమీటర్ల వాన కురిసినది. ఓరుగల్లు ప్రాంతమున ఏడాది మొత్తమునకు కురియునది సుమారు నూరు సెంటీమీటర్లని తలచుకొన్నచో అది యెట్టి వానయో బోధపడును. మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగినది. జనులు ఇంటికప్పులపై ప్రాణములు నిలుపుకొనిరి. రెండు దినములకే ఓరుగల్లు భద్రకాళి చెరువు కట్టకు గండి పడినది. అట్టి వానకు ఏ గోడయు హామీ యీయలేదు. కాని ఏటేట వచ్చు సాధారణపు ముసురునకు కూలు గోడను మాత్రము మనము కాపాడుకొనవచ్చును.

చేయవలసినది ఇది. ముందుగా ఇంటి చుట్టును ఒకసారి తిరిగి, చూరునీరు పడు గాడి గోడకు ఎంత దూరమున నున్నదో చూడుడు. రెండడుగులకు లోపల నున్నచో చూరు పెంచవలెను, లేదా గోడ వారగా బండలు పరచి నీరు వెలికి జారునట్లు వాలు చేయవలెను. గోడకానుకొని పేడకుప్ప, కట్టెలమోపు, పూలమొక్కల మట్టి యున్నచో తీసివేయవలెను. వీథిలో క్రొత్తగా సిమెంటురోడ్డు పడి, వాకిలి పల్లమైపోయిన యిండ్లు అనేకము. అట్టివారు నీరు నిలువకుండ కాలువ త్రవ్వించుకొనుటయే మొదటి బాగుసేత; సున్నము తరువాతి మాట. గోడకు బీట యున్నచో దానిపై అడ్డముగా సన్నని కాగితపు పట్టీ అంటించి, తేదీ వ్రాయుడు. మాసములో కాగితము చినిగినచో బీట పెరుగుచున్నదని గ్రహించి, ఆ యర్రలో పడక మానుకొని తెలిసిన మేస్త్రీని పిలువవలెను. చినుగనిచో అది పాతబీట. మట్టితో పూడ్చిన చాలును.

సిమెంటు పూత యున్న మట్టిగోడకు క్రింది మూడడుగులు మెల్లగా రాల్పించి, పక్షము దినములు గాలికి వదలి, పిమ్మట చెరువుమట్టి, తరిగిన వరిగడ్డి, పేడ కలిపి మాగవేసిన ముద్దతో పూయింపవలెను. అది యెండిన తరువాత సున్నము. “వెనుకటికి పోవుచున్నాము” అని మగవారు నవ్వవచ్చును. రామప్ప దేవాలయ శాసనము 1213 నాటిది. ఆ కాకతీయుల కట్టుబడి యందు సిమెంటు లేదు. యునెస్కోవారు 2021లో దానిని ప్రపంచవారసత్వముగా గుర్తించిరి. అది రాతిగుడి, ఇది మట్టియిల్లు, పోలిక కుదురదందురా? కుదురదు. కాని నవ్వువారికి చెప్పుటకు పనికివచ్చును.

సున్నపుపనియందు జాగ్రత్తలు కొన్ని కలవు. రాతిసున్నమును నీళ్లలో వేయవలెను గాని, సున్నముపై నీళ్లు గుమ్మరింపరాదు. అది కుతకుత ఉడికి చిమ్మును. ప్లాస్టికు తొట్టి ఆ వేడికి కరగును. ఇనుపడ్రమ్ముగాని మట్టికాగుగాని వాడవలెను. పిల్లలను ఆ చాయలకు రానీయరాదు. కంటిలో పడినచో నలుపక, వెంటనే ధారగా మంచినీటితో పావుగంటకు తక్కువ కాకుండ కడిగి, వైద్యుని యొద్దకు పోవలెను. కంటి చూపు పోవుటకు ఒక్క బొట్టు చాలును. విరిసిన సున్నమును వారము దినములైనను నీటిలో నాననిచ్చి, పలుచని బట్టలో వడియగట్టి, చిక్కని పాలవలె చేసికొని, కొంచెము తుమ్మబంకయో గంజియో కలిపినచో చేతికంటదు. గోడను ముందు నీటితో తడిపి, పలుచగా ఒక పూత, మరునాడు మరియొక పూత వేయవలెను. ఒకేసారి చిక్కగా కొట్టించినచో పెచ్చులు లేచుట నిశ్చయము. నీలిమందు చిటికెడు చాలును; ఎక్కువైనచో గోడ ఆసుపత్రి గోడవలె నుండును. అడుగున జాజుపట్టీ తీర్చుట కేవలము అందమునకే కాదు, చినుకులు చిమ్మిన మరకలను అది మరుగుపరచును.

షాబాదు బండల నేలగలవారు సందులను గమనింపవలెను. వానకాలమున ఆ సందులలో సున్నము కొట్టుకొనిపోయి చీమలు, తేళ్లు చేరును. గీకి శుభ్రపరచి సున్నము, సన్నపు ఇసుక కలిపి నింపించుట ఒక పూటపని. టేకు స్తంభముల అడుగున మట్టిగొట్టమువంటి చెదల దారి కనబడినచో దానిని తుడిచివేసి ఊరకుండరాదు. కత్తిమొనతో స్తంభమును గ్రుచ్చి చూడవలెను. మొన సులువుగా దిగినచో లోపల గుల్లయైనదన్న మాట. తక్కిన స్తంభములకు అవిసెనూనె పట్టించుటకు ఇదియే తగిన కాలము.

ఈ పనులన్నియు చేయువారెవరు? ఈ ప్రశ్నను మన పత్రికలలో సాధారణముగా ఎవరును వేయరు. నిజాము పాలనలో ఈ సీమయందు గడికి సున్నము కొట్టవలెనన్నను, పెంకు తిరుగవేయవలెనన్నను, తోటకు కంచె కట్టవలెనన్నను కూలి యను మాట యుండెడిది కాదు. కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ, ఏ కులమునకు ఆ కులము వంతుగా వచ్చి వెట్టి చేసి పోవలసినదే. పండుగకు గడి తెల్లగా మెరయుచుండగా, ఆ సున్నము కొట్టిన వాని గుడిసె కారుచుండెడిది. ఆ వెట్టిమీదనే తిరుగుబాటు పుట్టినది. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖునకు ఎదురు నిలిచి తన పంటను దక్కించుకొన్నది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకికి బలియైనాడు. 1949లో జాగీర్లు రద్దయినవి. 1973లో భూపరిమితి చట్టమును, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టమును వచ్చినవి. గడులలో అనేకములు పాడుపడినవి. కొన్ని బడులై, కొన్ని కార్యాలయములై మిగిలినవి. ఆ గడులు ఎంత యందమైనవో యని ఛాయాచిత్రములు తీసి మురియు నేటివారు ఈ సంగతిని కూడ తెలిసికొనుట మేలు.

వెట్టి పోయినది గాని దాని నీడ కొన్ని పెద్దయిండ్లలో ఇంకను మిగిలియున్నది. “మన యింటి మనిషే గదా” అని పాతచీర యొకటి, రెండు శేర్ల బియ్యము ఇచ్చి నాలుగు దినముల అలుకుపని చేయించుకొనుట మంచితనమని కొందరు తలంతురు. అది మంచితనము కాదు. కూలి రొక్కముగా ఈయవలెను. చీర ఈయదలచినచో దానిపైన ఈయవచ్చును. ఇంకొక సంగతి. సున్నము కొట్టు మగవానికి ఒక కూలి, అతనికి సున్నము కలిపి, నీళ్లు మోసి, గోడ గీకి, క్రింద పడినది కడిగిన అతని భార్యకు దానిలో సగము. ఈ లెక్క ఎవరు పెట్టినారు? సమానమైన పనికి ఆడువారికిని సమాన వేతనము ఈయవలెనని 1976లోనే చట్టము వచ్చినది. లెక్కపుస్తకము ఇంటి యిల్లాలి చేతిలో నుండగా ఈ భేదము సాగుట మనకే తలవంపు. ఊరిలో రివాజు ఇదియేనని మేస్త్రీ చెప్పును. చెప్పనిండు. పుస్తకమున ఇద్దరి పేర్లు వేర్వేరుగా వ్రాసి, ఎవరి డబ్బు వారి చేతికే ఇచ్చు గృహిణులు మన ఓరుగల్లులోనే కొందరున్నారు; వారి యింటికి పనివారు పిలువకయే వచ్చుచున్నారు.

చేదబావిని గూర్చి మేము చెప్పబోవునది మిక్కిలి ముఖ్యము. వానల తరువాత బావి పూడిక తీయించు నాచారము కలదు. చాలకాలము వాడక మూతవేసిన బావిలో ప్రాణవాయువు తగ్గి, విషవాయువులు నిలిచియుండవచ్చును. దిగినవాడు పిలుపు లేకుండ కూలును. అతనిని తీయబోయిన అన్నయు, వానిని తీయబోయిన తండ్రియు అట్లే పోవుదురు. ఇట్టి వార్తలు వేసవిలోను, వానలు వెలిసిన పిమ్మటను మన దినపత్రికలలో పదే పదే కనబడుచున్నవి. దీపము దింపి చూచుట పాతపద్ధతి. దీపము ఆరినచో దిగరాదనుట నిజమే. ఆరకున్న మాత్రమున క్షేమమని చెప్పరాదు, దీపమును ఆర్పని విషవాయువులును కలవు. కావున వాడకములో లేని బావిలోనికి ఎంత కూలికైనను మనిషిని దింపకుడు. యంత్రముతో నీరు తోడించి, గొలుసుబుట్టతో పూడిక తీయించుడు. మనిషి పడిపోయినచో ఎవరును వెంట దిగక, అగ్నిమాపకదళమును 101 సంఖ్యకు పిలువవలెను.

వాడుక బావినీటిని శుద్ధిచేయుటకు బ్లీచింగుపొడి మంచిది గాని గుప్పెళ్లతో చల్లుట తగదు. వేయి లీటర్లకు మంచిరకపు పొడి రెండున్నర గ్రాములు చాలును. లెక్క ఇట్లు: బావి వ్యాసమును మీటర్లలో కొలిచి, దానిని దానితోనే గుణించి, నీటిలోతుతో గుణించి, దానిని 785తో గుణించినచో లీటర్లు వచ్చును. వ్యాసము 3 మీటర్లు, నీటిలోతు 4 మీటర్లు అయినచో సుమారు 28,000 లీటర్లు. దానికి 70 గ్రాముల పొడి. పొడిని బక్కెటలో కొంచెము నీటితో ముద్దగా కలిపి, పిమ్మట ముప్పాతిక బక్కెట నీరు పోసి కలియబెట్టి, పది నిమిషములు తేరనిచ్చి, పైతేట మాత్రము వేరొక బక్కెటలోనికి వంచి, దానిని బావిలో దింపి క్రిందికి మీదికి ఆడింపవలెను. అడుగు సున్నపుమడ్డిని బావిలో పోయరాదు. రాత్రి చేసి ఉదయము నీరు తోడుకొనవచ్చును. పెద్ద కుటుంబమునకు ఇది ఖర్చులేని పని. అతిసారమువలన ఆసుపత్రి పాలగుటకన్న ఎన్నో మడుగులు మేలు.

దొడ్డిలో నీరు నిలిచిన కొబ్బరిచిప్ప, పగిలిన కుండ, పాత టైరు ఇవన్నియు డెంగీ దోమకు పురిటిల్లు. వారమునకొకసారి బోర్లించిన చాలును. పిడకలగూటిని, కట్టెలమోపును చేతితో గాక ముందు కర్రతో కదిలింపవలెను. పాములు తడినుండి తప్పించుకొని వెచ్చదనమునకై చేరు కాలమిది. కరచినచో కోయుట, బిగించి కట్టుట, మంత్రము వేయించుట మాని, కరచిన అవయవమును కదపకుండ దగ్గరి ప్రభుత్వాసుపత్రికో, ఓరుగల్లు ఎం. జి. ఎం. ఆసుపత్రికో చేర్పవలెను. మంత్రగాని వాకిట గడచిన గంట తిరిగి రాదు.

వరికోతలు సమీపించుచున్నవి గనుక గాదెలు, గుమ్ములు ఇప్పుడే సిద్ధపరుపవలెను. వెదురుగుమ్మికి లోపల వెలుపల పేడమట్టి అలికి, నాలుగెండలు తగులనిచ్చి, అడుగున చెక్కదిమ్మెలు వేసి, గోడకు మూరెడు ఎడముగా నిలుపుడు. వడ్లలో తేమ నూటికి పదునాలుగు పాళ్లకు మించరాదు. కొలుచు యంత్రము లేనివారు గింజను పంట కొరికి చూతురు. పటుక్కున విరిగినచో ఆరినది, నలిగినచో ఇంకను ఆరవలెను. ఎండిన వేపాకు పొరలు పొరలుగా వేయుట మన పెద్దలెరిగినదే. కాని పురుగు పట్టినదని దుకాణమున అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు తెచ్చి, పడకటింటి ప్రక్క అర్రలోని బస్తాల నడుమ నుంచుట ఇటీవల మొదలైనది. ఆ బిళ్లలు గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీను అను విషవాయువును విడుచును. దానికి విరుగుడు లేదు. మూసిన తలుపు సందులగుండ అది నిద్రించు పిల్లలను చేరును. ప్రభుత్వసంస్థలకు, అనుమతిగల నిపుణులకు తప్ప వీనిని అమ్మరాదని నిబంధన కలదు, అయినను దొరకుచున్నవి. మగవారు తెచ్చిరని ఊరకుండక, ఆ డబ్బాను ఇంటిగడప దాటనీయకుండుట మన పని. నాలుగు బస్తాలు పురుగు తిన్నను కొంప మునుగదు.

పంపకములు తేలని యిండ్ల సంగతి వేరు. అన్నదమ్ములు నలుగురు, అక్కచెల్లెండ్రు ఇద్దరు, ఇల్లొకటి. ఒకరు పెంకు వేయించినచో “వాటా అంతయు తనదే అనుకొనుచున్నాడు” అని తక్కినవారు అనుమానింతురు. ఎవరును వేయింపరు. మూడు వానలలో ఆరుగురికిని మిగులునది మట్టిదిబ్బ. కుటుంబమంతయు దసరాకు చేరినప్పుడే కూర్చుండి, ఏటికి తలకింత యని సొమ్ము నిర్ణయించి, ఉమ్మడిఖాతాలో వేసి, ఖర్చుచేయువారెవరో, లెక్క చూపవలసిన దినమేదో వ్రాసికొనుట మంచిది. ఆడపడుచులు కూడ వాటాదారులే. నాటి ఆంధ్రప్రదేశమున 1985లోను, దేశమంతటను 2005లోను వచ్చిన సవరణలచే పిత్రార్జిత ఆస్తియందు కూతురునకు కొడుకుతో సమాన హక్కు కలిగినది. హక్కుతోబాటు పెంకు ఖర్చులో వంతు కూడ వచ్చును. సంతోషముగా ఇచ్చుటయే గౌరవము. కాని మరమ్మతునకు సంతకము కావలెనని తెచ్చిన కాగితము హక్కు విడుదలపత్రము కావచ్చును. ప్రతి పంక్తియు చదివి, అవసరమైనచో న్యాయవాదికి చూపి, ఆపై సంతకము చేయవలెను. చదువు నేర్చిన సోదరీమణులు పుట్టింటిమీది ప్రేమచేత చదువకుండ సంతకము పెట్టుట మేము విన్న సంగతియే.

పశువులకు గాలికుంటు టీకా వేయువారు ఊరికి వచ్చు దినము పంచాయతీలో కనుగొని తప్పక వేయింపుడు. కొట్టములో గొంతెడు ఎత్తున గాలికంతలు విడిచి, నేల వాలుగా మూత్రము కాలువకు పోవునట్లు చేసిన చాలును.

చెరువు మన యింటిది కాదు గాని మన యింటి బావి చెరువును నమ్ముకొన్నది. గణపతిదేవుని కాలమున కట్టిన పాకాల చెరువు నేటికి పొలములను తడుపుచున్నది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పేర అనేక చెరువులలో పూడిక తీసిరి; ఆ మట్టి పొలములకు చేరినది. కట్టపైని తుమ్మలు, కంపచెట్లు పెరిగి వేళ్లు దిగినచో కట్టకు చెరుపు. మత్తడి వద్ద చెత్త అడ్డుపడినచో అంతకన్న చెరుపు. బతుకమ్మ నిమజ్జనమునకు ఊరి ఆడువారందరు కట్టమీద చేరు దినమున కన్ను విప్పి చూచినచో, తూము కారుచున్నదో లేదో, కట్ట ఎక్కడ క్రుంగినదో తెలియును. చూచినది గ్రామపంచాయతీకి వ్రాసి యీయవచ్చును. నలుగురు వ్రాలు చేసిన విన్నపమును ప్రక్కన పడవేయుట అంత సులువు కాదు. పూవులను ప్లాస్టికు పళ్లెరముతో, మెరపుకాగితముతో సహా నీట విడుచుట మాత్రము మానవలెను. తాంబాళమునందు తంగేడాకులు పరచి పేర్చిన బతుకమ్మకు మించిన యందము లేదు. గట్లపై గడ్డిమందు విచ్చలవిడిగా చల్లినచో గునుగు మొలవదు. దొడ్డి కంచెవెంబడి నాలుగు తంగేడు మొక్కలు, ఒక చాలు గునుగు మిగుల్చుకొన్నచో పండుగకు బజారున కొననక్కరలేదు.

మామిడితోట గలవారు ఇప్పుడు ఎండుకొమ్మలను, లోపలికి పెరిగిన సన్నరెమ్మలను కోయించి, కోసినచోట బోర్డోముద్ద పూయింపవలెను. మానుపై రంపపుపొట్టు రాలుచున్నచో కాండము తొలుచు పురుగు చేరినదన్న మాట. తీగతో గ్రుచ్చి పురుగును తీసి రంధ్రమును మట్టితో మూయవలెను. కాపునకు వచ్చిన చెట్లకు వానలు వెలిసిన తరువాత పూత వచ్చువరకు నీరు కట్టరాదు. నీరు కట్టినచో లేతాకు వేయును గాని పూత పూయదు. చెట్టు వాడినట్లున్నదని జాలిపడి అత్తగారు చెంబెడు నీళ్లు పోసినచో వారింపనక్కరలేదు. చెంబెడు నీళ్లతో పెద్దచెట్టునకు ఏమియు కాదు.

కూరపాదులకు చిక్కుడు ఇదివరకే ప్రాకియుండును. ముల్లంగి, మెంతి, కొత్తిమీర, పాలకూర పదునైదు దినముల ఎడముతో రెండు విడుతలుగా చల్లినచో మాఘము వరకు కూర కొననక్కరలేదు. కోతులబెడద గల ఊళ్లలో దొడ్డిపై వల పరచుట తప్ప వేరుదారి మాకు కనబడుటలేదు. పాతచేపలవలలు చెరువుల వద్ద బెస్తవారియొద్ద చౌకగా దొరకును. మిరపపండ్లను బూజు పట్టకుండ ఆరబెట్టుటను గూర్చి వచ్చుమాసమున వ్రాయుదుము.